ఓకేలో రెండక్షరాలూ తప్పే

మా అక్క కూతురు మొన్న ఫోన్ చేసి "పిన్నీ, ఓకే ఫుల్ ఫామ్ ఏంటి?" అంది. మామూలుగా ఇలా అడిగితే ఫుల్ ఫామ్‌లేవీ నమ్మకమ్మా, అవి తర్వాతెవరో అల్లినవి అంటాను. న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అని మా బళ్ళో టీచరే చెప్పారు. న్యూ అంటే కొత్త, న్యూస్ అంటే కొత్త సంగతులు, అంతకు మించి అందులో ఏమీ లేదు. పిల్లలకి ఇలాంటివి పాఠంగా చెప్పడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

కానీ ఓకేకి మాత్రం ఫుల్ ఫామ్ ఉంది!

1830ల చివర్లో అమెరికాలోని బోస్టన్ పత్రికలవాళ్ళకి మాటల్ని పొడి అక్షరాల్లోకి కుదించే సరదా పట్టుకుంది. అది చాలక, ముందు స్పెల్లింగ్ కావాలని తప్పు రాసి, ఆ తప్పులోంచి మొదటి అక్షరాలు తీసేవాళ్ళు. ఆల్ రైట్ అంటే ఏ.ఆర్. కావాలి కదా, ఆల్‌ని ఓతో, రైట్‌ని డబ్ల్యుతో మొదలుపెట్టి ఓ.డబ్ల్యు. అన్నారు. నో గో అంటే కుదరదని, దాన్ని కె.జి. చేశారు, తెలుసు అనే అర్థమున్న 'నో' కెతో మొదలవుతుంది కాబట్టి. అలాగే ఆల్ కరెక్ట్‌లో ఏ పోయి ఓ వచ్చింది, సి పోయి కె వచ్చింది. అంతా సరిగ్గా ఉందని చెప్పే మాటలో రెండక్షరాలూ తప్పే! ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ముచ్చటేస్తుంది. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ దీన్ని అచ్చువేసింది, పక్కనే ఆల్ కరెక్ట్ అని అర్థం కూడా ఇచ్చి.

ఓ.డబ్ల్యు. పోయింది, కె.జి. పోయింది, ఇదొక్కటే ఎలా మిగిలిందంటే, ఎన్నికల వల్ల. 1840లో రెండోసారి గెలవాలని నిలబడ్డ అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ ఊరు కిండర్‌హుక్. ఆయన మనుషులు ఆయన్ని ఓల్డ్ కిండర్‌హుక్ అంటూ ఓకే క్లబ్బులు పెట్టారు. అవతలివాళ్ళేమో, అంతకుముందు అధ్యక్షుడు జాక్సన్‌కి స్పెల్లింగ్ రాదు, కాగితాల మీద ఓకే అని రాసింది ఆయనే అని ప్రచారం చేశారు. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు గానీ ఆ గొడవలో ఓకే ఊరూరా తెలిసిపోయింది, అసలు పుట్టుక మాత్రం మరుగున పడింది. ఆ తర్వాత అమెరికా ఆదివాసుల్లో ఒక తెగైన చోక్టాల మాటన్నారు, గ్రీకన్నారు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. శబ్దం కలిసిందని చుట్టరికం కలిపేస్తే ఎలా? ఏ మాట ఏ తేదీన మొదట అచ్చయిందో చూడాలి. అలెన్ వాకర్ రీడ్ అనే అమెరికన్ భాషా పండితుడు ఆ పనే చేశాడు, పాత పత్రికలు తిరగేసి 1963, 64ల్లో సాక్ష్యాలతో రాశాడు.

పాప ఇప్పుడు పోలీసుని కాప్ అంటే కానిస్టేబుల్ ఆన్ పాట్రోల్, అంటే గస్తీలో ఉన్న కానిస్టేబుల్ అట కదా అంటోంది. కాదమ్మా. కాప్ అంటే యాసలో పట్టుకోవడం. పట్టుకునేవాడు కాపర్. ఆ కాపరే అరిగి కాప్ అయింది.