గిగాహెర్ట్జ్ తక్కువే, గేమ్‌లో మాత్రం ముందు

మొన్న తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, రెండు ప్రాసెసర్లు చూశా, ఒకటి 4.7 గిగాహెర్ట్జ్ ఇంకోటి 4.5, తక్కువ ఉన్నదానికే రేటెక్కువ చెప్తున్నారు, ఇదేంటి" అనడిగాడు. గిగాహెర్ట్జ్ అంటే ప్రాసెసర్ క్లాక్ వేగం, సెకనుకి ఎన్ని వంద కోట్ల సైకిల్స్ (టిక్కులు) కొడుతుందో ఆ లెక్క. వాడు చూసినవి ఏఎండీ కంపెనీ రైజెన్ 7 5800ఎక్స్ (4.7), 5800ఎక్స్3డీ (4.5). ప్రాసెసర్లని ఎలా పోల్చాలో చెప్పడానికి ఇంతకంటే మంచి జత నాకైతే దొరకలేదు, ఎందుకంటే రెండూ ఒకే జెన్ 3 డిజైన్, రెండిటికీ 8 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), మదర్‌బోర్డు మీద కూర్చునేది ఒకే ఏఎం4 సాకెట్‌లో, అసలు తేడా అంతా ఎల్3 క్యాష్‌లోనే, అంటే చిప్‌లోనే ఉండే చిన్న మెమరీలోనే ఉంది. మొదటిదాంట్లో 32 ఎంబీ, 2022లో వచ్చిన రెండోదాంట్లో 96.

క్యాష్ అంటే మన పోపుల డబ్బా అనుకోండి. ఆవాలు, జీలకర్ర చేతికందే చోట ఉంటే పోపు చిటికెలో అయిపోద్ది, అదే ఇంగువ లేదని వీధి చివర కొట్టుకి వెళ్లాల్సొస్తే స్టవ్ ఆపుకుని కూర్చోవాలి. ఆ కొట్టే ర్యామ్. ఒకసారి ర్యామ్ దాకా వెళ్లి రావడానికి సుమారు 80 నానోసెకన్లు పడుతుంది, వినడానికి ఏమీ లేదనిపిస్తది గానీ 4.5 గిగాహెర్ట్జ్ చిప్‌కి ఆ టైమ్‌లో 360 సైకిల్స్ పోతాయి!

గేమ్‌లో ప్రతి ఫ్రేమ్‌కీ (తెర మీద పడే ఒక్కో బొమ్మకీ) వేల వస్తువుల డేటా కావాలి, అదంతా మెమరీలో ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉంటది, తర్వాత ఏది కావాలో ప్రాసెసర్ ముందే పసిగట్టడం కష్టం, అందుకే పెద్ద డబ్బా ఉన్నోడిదే పైచేయి. సినీబెంచ్ లాంటి రెండరింగ్ (త్రీడీ బొమ్మల్ని లెక్కగట్టి గీయడం) టెస్టులో అలా కాదు, కావాల్సిన డేటా చాలావరకు చిన్న క్యాష్‌లోనే సరిపోద్ది కాబట్టి అక్కడ 5800ఎక్స్ కాస్త ముందుంటుంది. అప్పట్లో ఇంటెల్ ఐ9-12900కే 16 కోర్లు, 5.2 గిగాహెర్ట్జ్, అవసరమైతే 241 వాట్ల దాకా కరెంటు తీసుకునేది, గేముల్లో 105 వాట్ల 5800ఎక్స్3డీ దాని పక్కనే నిలబడింది, నాకు ఇప్పటికీ అది గొప్పగా అనిపిస్తుంది. గిగాహెర్ట్జ్ చూసి మోసపోవడం కొత్తేం కాదు లెండి, 2004లో పెంటియం 4 3.8 దాకా వెళ్లింది, 2006లో 2.4 గిగాహెర్ట్జ్ కోర్ 2 డ్యుయో వచ్చి దాన్ని దాటేసింది.

టెస్టులు చూసేటప్పుడు ఒకటి గమనించండి. 4కే లాంటి పెద్ద రిజల్యూషన్‌లో ఆడిస్తే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడి ప్రాసెసర్లన్నీ దాదాపు సమానంగా కనిపిస్తాయి, తేడా తెలియాలంటే తక్కువ రిజల్యూషన్ అయిన 1080పీలో ఆడించాలి, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు రెండిట్లోనూ ఒకటే ఉండాలి. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) ఒక్కటే చూడొద్దు, మధ్యమధ్యలో గేమ్ ఆగి ఆగి నడుస్తుంటే సగటు ఎంతున్నా ఆడేవాడికి చిరాకే.

ఇంతకీ ఆ 4.5 ఎందుకు తగ్గిందంటారా, అదనపు 64 ఎంబీ ముక్కని చిప్ నెత్తిన అతికించారు, కోర్ల మీద ఎత్తు సమానం కావడానికి ఉత్త సిలికాన్ ముక్కలు పెట్టారు, దాంతో కోర్ల వేడి వాటిని దాటుకునే పైకి రావాలి, పైగా ఎక్కువ వోల్టేజ్ ఇవ్వలేరు. 2024 నవంబర్‌లో వచ్చిన 9800ఎక్స్3డీలో ఆ ముక్కని కోర్ల కిందకి మార్చారు, ఇప్పుడు కూలర్‌కి కోర్లే దగ్గర, క్లాక్ 5.2కి చేరింది, ఓవర్‌క్లాకింగ్ (మనమే క్లాక్ ఇంకా పెంచుకోవడం) కూడా చేసుకోవచ్చు.

తమ్ముడు చేసేది రోజంతా బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ పని, గేములు ఆదివారం ఓ గంట. 5800ఎక్స్ తీసుకోరా అని చెప్పా.