రంగులు ఎవరి సొత్తూ కావు సరే, మరి ఐలీన్ ఏగర్ పేరెందుకు ఎగిరిపోతోంది?

బొమ్మల్లోంచి రంగులు లాగి, ఐదు చదరాలుగా పేర్చి, కింద కోడ్ నంబర్లు వేసి పాలెట్ అని పోస్ట్ చేసేటప్పుడు ఆ బొమ్మ వేసినవాళ్ళ పేరు చెప్పాలా వద్దా అని డిజైనర్ల గొడవ మళ్ళీ రాజుకుంది. ఇరవయ్యో శతాబ్దపు బ్రిటిష్ కళాకారిణి ఐలీన్ ఏగర్ కొలాజ్‌ల (కాగితాలు, వస్తువులు అతికించి చేసే బొమ్మల) దగ్గర పెట్టి చూస్తే ఈ గొడవ అసలు దేని గురించో తేలుతుంది. ఆమె పుట్టుక, లండన్ చదువు, పారిస్ రోజులు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను.

అందరూ 1936 దగ్గర మొదలుపెడతారు. చిత్రకారుడు రోలాండ్ పెన్రోజ్, కళా విమర్శకుడు హెర్బర్ట్ రీడ్ ఆమె స్టూడియోకి వెళ్ళి బొమ్మలు చూసి, లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సర్రియలిస్ట్ (కలల్లాంటి వింత కలయికల్ని చూపే కళ) ప్రదర్శనకి ఎంచుకున్నారు. అంతవరకూ తన దారిన తాను బొమ్మలు వేసుకుంటున్న మనిషి ఉన్నట్టుండి సర్రియలిస్ట్ అయిపోయింది. ఆ ముద్ర వేసింది వేరేవాళ్ళు, అది తనకి పూర్తిగా అతకదని ఆమే తర్వాత చెప్పుకుంది. ఇప్పుడు ఆమె రంగుల్ని ‘వింటేజ్ సర్రియల్’ లాంటి పేరుతో పెట్టి ఆమె పేరు వదిలేస్తే మిగిలేది ఆ ముద్ర ఒక్కటే.

కానీ నా లెక్కలో అసలు మలుపు 1938. తన సహచరుడు జోసెఫ్ బార్డ్ తలని ప్లాస్టర్‌లో పోతపోసి చేసిన ‘ఏంజెల్ ఆఫ్ అనార్కీ’ శిల్పం ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనకి వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. ఆమె అదే తల తాలూకు ఇంకో పోతతో రెండోది చేసింది, మొదటిదాని నకలులా కాదు, ఇంకా భయపెట్టేలా. 1940కి పూర్తయింది, ఇప్పుడు బ్రిటన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉంది. కళ్ళకి పట్టు గంతలు, నెత్తిన ఈకలు, ఆఫ్రికా చెట్టుబెరడు బట్ట, గవ్వలు, పూసలు, మెరిసే రాళ్ళు. ఇందులో రంగు చాలావరకు డబ్బాలోంచి రాలేదు, వస్తువుతోనే వచ్చింది. ఈక మీద వెలుగు పడే కోణం మారితే పచ్చ నల్లబడుతుంది, పట్టు ఒక మడతలో ఒకలా ఇంకో మడతలో ఇంకోలా కనిపిస్తుంది. ఫోటో మీద ఐడ్రాపర్ (రంగు కోడ్ లాగే సాఫ్ట్‌వేర్ పనిముట్టు) పెట్టి నొక్కితే ఒక్క చుక్క రంగు వస్తుంది, అది ఆ ఫోటో తీసిన లైటింగ్‌ది కూడా కావచ్చు. అంచేత పాలెట్‌లో ఉన్నది ఏగర్ రంగులు కాదు, ఆమె ఎంపికలో కొంత భాగం. ఏది పక్కన ఏది పెట్టాలన్న ఆ ఎంపికే ఆమె పని మొత్తం. దానికే పేరు ఇవ్వకపోతే ఇంక దేనికిస్తాం?

అవతలివాళ్ళ మాట ఇది: రంగుకి కాపీరైట్ లేదు, పైగా ఏగర్ కూడా పరాయి కాగితాలే కత్తిరించింది. రెండూ నిజమే. లీడ్స్ మ్యూజియం దగ్గరున్న 1936 నాటి ‘ప్రెషస్ స్టోన్స్’ కొలాజ్‌లో పక్కముఖం ఆకారం నిండా ఉన్నవి అచ్చయిన రత్నాల బొమ్మలే, ఆమె గీసినవి కావు. బెరడు బట్ట చేసినవాళ్ళ పేరు కూడా మనకెవరికీ తెలీదు, అది వేరే అన్యాయం, దాన్ని చూపించి ఈమె పేరు కొట్టేయడం కుదరదు. శిల్పి అనీష్ కపూర్ 2016లో వాంటాబ్లాక్ అనే నలుపుని కళలో తానొక్కడే వాడేలా హక్కు తెచ్చుకున్నప్పుడు కళాకారులు మండిపడ్డారు కదా, ఇప్పుడు మీరడిగేదీ అదేగా అంటారు. ఎలా అవుతుంది? వాడొద్దని ఇక్కడెవరూ అనట్లేదు.

ఇక చట్టం. ఐదు చదరాల వరకూ మీ ఇష్టం, ఎవరూ ఏమీ అనలేరు. కానీ చాలా పోస్టుల్లో చదరాల పక్కనే అసలు బొమ్మ కూడా ఉంటుంది, చిక్కంతా అక్కడే. ఏగర్ 1991లో చనిపోయింది. బ్రిటన్‌లో కళాకారుల హక్కులు మరణం తర్వాత 70 ఏళ్ళు ఉంటాయి, అంటే 2061 చివరిదాకా. మన దేశంలో 60 ఏళ్ళు, అంటే 2051 చివరిదాకా. పాతకాలం బొమ్మేగా అనుకుని పెట్టేసేవాళ్ళు, ముఖ్యంగా ఆ పాలెట్‌ని ప్రింట్‌గానో టెంప్లేట్‌గానో అమ్ముకునేవాళ్ళు, ఆమె పేరుతో పాటు అనుమతి సంగతి కూడా చూసుకోవాలి.