కొలిచే నీళ్లలో కలిపే పాదరసం

చెన్నై అంబత్తూరులోని ఒక నీటి పరీక్షల ల్యాబ్‌లో నేను చేరింది 2004లో. మొదటి వారమే మా సీనియర్, గూడూరాయన, సీఓడీ టెస్ట్ అయిపోయిన ఫ్లాస్క్ చేతికిచ్చి, "సింక్‌లో పోసి ట్యాప్ తిప్పెయ్యమ్మా" అన్నారు. ఆయనకు నేర్పినవాళ్లూ అదే చెప్పారట. ఇటుకరంగు నీళ్లు సింక్‌లో ఒక్క సుడి తిరిగి మాయమయ్యాయి.

నీటిలోని మలినాలను ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పేదే సీఓడీ. శాంపిల్‌లో డైక్రోమేట్ (మలినాలను ఆక్సీకరించే క్రోమియం ఉప్పు), సల్ఫ్యూరిక్ ఆమ్లం, కాస్త సిల్వర్ సల్ఫేట్ వేసి రెండు గంటలు మరిగిస్తాం. చిక్కల్లా ఉప్పుతోనే. ఉప్పులోని క్లోరైడ్ కూడా డైక్రోమేట్‌ను ఖర్చు చేసేసి లెక్క తప్పిస్తుంది. 1963లో డాబ్స్, విలియమ్స్ అనే ఇద్దరు మెర్క్యురిక్ సల్ఫేట్ అనే పాదరసపు లవణంతో క్లోరైడ్‌ను కట్టేయొచ్చని చూపించారు. లెక్క కుదిరింది, పాదరసం ల్యాబ్‌లోకి వచ్చింది. జపాన్‌లో పాదరసం చేరిన చేపలు తిని జనం విషానికి గురైన మినమాటా వ్యాధి బయటపడి అప్పటికే ఏడేళ్లు.

మన దగ్గర 1974లో నీటి కాలుష్య చట్టం, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చాక ఫ్యాక్టరీల నీటికి సీఓడీ తప్పనిసరైంది. చెన్నైలో సముద్రపు ఉప్పుకు పల్లావరంలో తోళ్లు శుద్ధి చేసే ఫ్యాక్టరీల ఉప్పు తోడు. పాదరసం లేనిదే టెస్ట్ నడవదు.

మేం 20 మిల్లీలీటర్ల శాంపిల్‌కు 0.4 గ్రాముల మెర్క్యురిక్ సల్ఫేట్ వేసేవాళ్లం. అందులో పాదరసమే 270 మిల్లీగ్రాములు. బయటికి వదిలే నీటిలో హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ఆ ఒక్క ఫ్లాస్క్‌ను హద్దులోకి తేవాలంటే 27 వేల లీటర్లు కావాలి, అంటే మెట్రోవాటర్ వాళ్ల 9 వేల లీటర్ల లారీలు మూడు! ట్యాప్ తిప్పితే ఏం సరిపోతుంది?

ఈ విషాలను తీసే దారి ఉంది. టైట్రేషన్‌లో, అంటే మిగిలిన డైక్రోమేట్‌ను కొలిచేటప్పుడు, వేసే ఫెర్రస్ (ఇనుము) ఉప్పుతోనే డైక్రోమేట్‌లోని విషపు క్రోమియం తక్కువ ప్రమాదకరమైన రూపానికి మారిపోతుంది. తర్వాత మెల్లగా క్షారం వేసి ఆమ్లాన్ని చంపితే క్రోమియం, ఇనుము మడ్డిగా దిగుతాయి. పాదరసం అంత తేలిగ్గా లొంగదు, క్లోరైడ్‌ను పట్టుకుని నీళ్లలోనే ఉండిపోతుంది. దానికి సోడియం సల్ఫైడ్ కావాలి. ఆమ్లం మిగిలుండగా వేస్తే విషవాయువు లేస్తుంది. ఎక్కువ వేస్తే దిగిన పాదరసం మళ్లీ కరుగుతుంది. సరిగ్గా పడితే నల్లటి మడ్డి అడుక్కి చేరుతుంది.

ఆ మడ్డి చెత్తబుట్టకు కాదు, తడ వెళ్లే దారిలోని గుమ్మిడిపూండి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్లాలి. ఇలాంటి వ్యర్థాలకు నియమాలు 1989 నుంచే ఉన్నాయి. 2016 నియమాలైతే మామూలుగా 90 రోజులకు మించి దాచొద్దంటాయి. మా సీనియర్ మాట కాదని ఫ్లాస్కుల నీళ్లను నేను పక్కన పెట్టడం మొదలుపెట్టిన మొదటి క్యాన్ నిండడానికి ఏడు నెలలు పట్టింది.