బోల్టు బిగించి లాగితే ఇంజిన్ కూర్చోదు: ఇంటి దగ్గర ఇంజిన్ దించేవాళ్ల అపోహలు, వాస్తవాలు

మొన్న ఒక కుర్రాడు విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వాళ్ల నాన్నగారి మారుతి 800ని తాడు కట్టి లాక్కొచ్చాడు. పొగ వస్తోందని, పిస్టన్ రింగులు మార్చడానికి ఇంటి కార్‌షెడ్డులోనే ఇంజిన్ దించాడు. ప్రతి వైరుకీ టేపు చుట్టి పేరు రాశాడు. బోల్టులు ఎక్కడివక్కడ పొట్లాలు కట్టాడు. చూస్తే ముచ్చటేసింది. అంతా బాగా చేసి, ఎక్కించేటప్పుడు చివరి అరగంటలో దెబ్బతిన్నాడు. ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య వేలు దూరేంత సందు మిగిలింది. "బోల్టులు బిగించు, అదే దగ్గరికొస్తుంది" అని ఎవరో సలహా ఇచ్చారట. బిగించాడు. బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉండే గేర్‌బాక్సు ముందు భాగం) చెవి, అంటే బోల్టు పట్టే అంచు, విరిగింది. క్లచ్ ప్లేటు పాడైంది.

"అన్నా, నాన్న బండి ఇక పోయినట్టేనా?" అని అడిగాడు, కళ్లలో నీళ్లతో.

ఈ సలహా ఇచ్చేవాళ్ల మీద నాకు చాలా కోపం. ఏటా ఇదే కథ, బండ్లే వేరు. సందు తనంతట మూసుకోలేదంటే లోపల ఏదో అడ్డుపడుతోందని అర్థం. గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు క్లచ్ ప్లేటు పళ్లలోకి దూరాలి, రెండిటినీ సరిగ్గా ఎదురెదురుగా నిలిపే డోవెల్ పిన్నులు వాటి బెజ్జాల్లోకి రావాలి. ప్లేటు కాస్త పక్కకు ఉన్నా షాఫ్టు మొన దానికి తన్ని ఆగిపోతుంది. అప్పుడు పానా తిప్పితే ఆ బలమంతా అల్యూమినియం చెవి మీదే పడుతుంది.

కాబట్టి ఆగండి. ఇంజిన్ బరువు చైన్ బ్లాక్ (ఇంజిన్ ఎత్తే గొలుసు కప్పీ) మీదే ఉంచి సందు చుట్టూ చూడండి. పైన తక్కువ, కింద ఎక్కువ ఉంటే ఇంజిన్ వాలుగా వేలాడుతోంది, గొలుసు సర్దండి. సందు చుట్టూ సమానంగా ఉండి కూడా ఆగిపోతే పళ్లు కలవలేదన్నమాట. చక్రాలు నేల మీద ఉంచి, బండి టాప్ గేర్లో వేసి, ఒకరు ఇంజిన్‌ని మెల్లగా నెడుతుంటే ఇంకొకరు క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా పెట్టి కొద్దికొద్దిగా తిప్పాలి. కలిసినప్పుడు చేతికే తెలుస్తుంది: కొంచెం గరగరమని జరిగి, టక్కున కూర్చుంటుంది. బోల్టులు ఆ తర్వాతే. అప్పటికీ రాకపోతే ఇంజిన్ వెనక్కి లాగి, క్లచ్ ప్లేటుని నొక్కి పట్టే ప్రెజర్ ప్లేటు వదులు చేసి, క్లచ్ ప్లేటుని మళ్లీ సరిగ్గా మధ్యకు తేవాల్సిందే. దానికి పాత గేర్‌బాక్సు షాఫ్టు ముక్కని మించిన పనిముట్టు లేదు. ఆటోనగర్‌లో ఏ తుక్కు కొట్లో అడిగినా ఇస్తారు.

ఆటోమేటిక్ బండి అయితే నష్టం ఇంకా పెద్దది. క్లచ్ బదులు ఉండే టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్సు లోపలికి పూర్తిగా దిగకుండా బోల్టులు బిగిస్తే గేర్‌బాక్సు ఆయిల్ పంపు పగులుతుంది. ఇంజిన్, గేర్‌బాక్సు ముఖాలు రెండూ కలిశాక కన్వర్టర్ చేత్తో సులువుగా తిరగాలి. తిరగలేదంటే బిగించడం ఆపేయండి.

నేను పనిలో చేరిన రెండో ఏడు ఇదే తప్పు చేశాను. మా మేస్త్రీ తిట్టలేదు. నా చేయి పట్టుకుని ఆ సందు మీద పెట్టి, "వేలితో చూడరా, పానాతో కాదు" అన్నారు. ఇప్పటికీ కుర్రాళ్లకి ముందు అదే నేర్పుతాను.

మిగతా అపోహలు చాలానే ఉన్నాయి. "ఇంజిన్ దించిన బండికి విలువ ఉండదు" అంటారు. పని ఎలా చేశారన్నదే లెక్క. "ఇంజిన్ దించాలంటే ఏసీ గ్యాస్ వదిలేయాలి" అంటారు. చాలా బండ్లలో పైపులు విప్పకుండా కంప్రెసర్ ఒక్కటే విప్పి పక్కకు కట్టేయొచ్చు. "చిన్న ఇంజినే కదా, పైపు దూర్చి నలుగురం ఎత్తేద్దాం" అంటారు. ఒకరి చేయి జారితే ఇంకొకరి వేళ్లు నలుగుతాయి. వేలాడే ఇంజిన్ కిందికి మాత్రం ఎవరూ వెళ్లకండి.

ఆర్‌సీ గురించి టెన్షన్ పడి ఫోన్ చేసేవాళ్లు ఎక్కువ. అదే ఇంజిన్ దించి ఎక్కిస్తే ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లక్కర్లేదు. కానీ ఇంజిన్ నంబరు బ్లాక్ మీద ఉంటుంది. బ్లాక్ మారిందా, ఆ నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాల్సిందే. "ఎవరు చూస్తారులే" అన్నవాళ్లు తర్వాత బండి అమ్మేటప్పుడు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ అప్పుడు తిరగలేక తిరుగుతారు.

ఆ కుర్రాడి బండి పోలేదు. హౌసింగ్ చెవికి ఆర్గాన్ వెల్డింగ్ చేయించాం, కొత్త ప్లేటు వేశాం. ఈసారి ఇంజిన్ అతనితోనే ఎక్కించాను, నేను పక్కన నిలబడి పుల్లీ తిప్పాను. మొదటిసారి స్టార్ట్ చేయగానే సైలెన్సర్ పైపు మీంచి పొగ లేస్తే భయపడిపోయాడు. పైపుకి అంటిన ఆయిల్, గ్రీజు కాలి వచ్చే పొగ అది, కాసేపటికి పోతుంది. చూడాల్సింది మీటర్లో ఆయిల్ లైటుని. కొన్ని సెకన్లలో ఆరకపోతే వెంటనే ఇంజిన్ ఆపేయండి.