అరకు ఘాట్ దిగే బైకు: అపోహలు, వాస్తవాలు

పరీక్షలు అయిపోయి ఎండలు ముదిరాయంటే విశాఖ కుర్రాళ్ల మనసు అరకు మీదికి పోతుంది. గోపాలపట్నంలో మా మెకానిక్ షెడ్డు ఆ దారిలోనే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో శుక్రవారం సాయంత్రమైతే చాలు, బళ్లు బారులు తీరతాయి. "అన్నా, రేపు తెల్లవారుజామున స్నేహితులమంతా బయల్దేరుతున్నాం, ఒకసారి చూడవా" అంటారు. అందరూ అడిగేది ఒకటే: బండి ఘాట్ ఎక్కుతుందా?

ఎక్కుతుంది. సరిగ్గా ఉన్న 100 సీసీ బండి కూడా ఇద్దరిని ఎక్కించుకుని అరకు చేరుతుంది. దిగేటప్పుడు ఆగుతుందా అని మాత్రం ఎవరూ అడగరు. సోమవారం మా దగ్గరికి వచ్చే మరమ్మతుల్లో ఎక్కువ భాగం దిగుడులో అయినవే. కాబట్టి ఈ అపోహల చిట్టాను దిగుడు నుంచే మొదలుపెడుతున్నాను.

అపోహ: దిగేటప్పుడు ఇంజన్ ఆపినా, న్యూట్రల్‌లో వదిలినా పెట్రోలు మిగులుతుంది.

వాస్తవం: 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) బళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే, చక్రమే ఇంజన్‌ను తిప్పుతుంది కాబట్టి ఇంజెక్టర్ పెట్రోలు పోయడం మానేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజన్ ఆగిపోకుండా తిరగడానికి పెట్రోలు పోయక తప్పదు. అంటే మిగులుతుందనుకున్నచోటే ఖర్చవుతుంది. పాత కార్బొరేటర్ బళ్లలో గేరులో దిగినా కొద్దిగా కాలుతుంది. ఆ కొద్ది కోసం ప్రాణాన్ని పణంగా పెట్టేంత అవసరం ఎవరికీ లేదు.

తాళం తిప్పి ఇంజన్ ఆపడం ఇంకా ఘోరం. బ్రేకు లైటు వెలగదు, హారన్ మోగదు, బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండిలో అది కూడా పనిచేయదు. ఎదురుగా బస్సు వస్తుంటే మీరున్నారని చెప్పే దారే ఉండదు.

అసలు సంగతి వేడిది. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. బండి, ఇద్దరు మనుషులు, సంచులు కలిపి 300 కిలోలనుకుందాం. ఆ బరువు 900 మీటర్లు కిందికి దిగడంలో వెలువడే శక్తి తొమ్మిది లీటర్ల నీళ్లను మరిగించేంత ఉంటుంది. కొంత గాలి లాగేసుకుంటుంది. మిగిలినది ఇంజన్ పంచుకోవాలి, లేదంటే మొత్తం బ్రేకుల మీద పడాలి. గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో వేశారంటే ఆ వేడి భారమంతా అరచేయంత కూడా లేని రెండు బ్రేకు ప్యాడ్ల మీద, వెనక డ్రమ్‌లోని షూల (డ్రమ్‌ను లోపలి నుంచి ఒరుసుకుని ఆపే పట్టీల) మీద మోపినట్టే.

ఏ గేరులో దిగాలని అడుగుతారు. ఆ మలుపు ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి. రెండో గేరులో ఎక్కిన చోట రెండు. ఇంజన్ గట్టిగా అరుస్తుందని భయపడక్కర్లేదు, ఇంజన్ తిరిగే వేగం చూపే టాకోమీటరులో ఎర్ర గీత దాటనంతవరకు దానికేమీ కాదు. గేరు మాత్రం మలుపు మధ్యలో కాకుండా ముందే మార్చుకోవాలి.

అపోహ: ముందు బ్రేకు పడితే పల్టీ కొడతాం, కొండ మీద వెనక బ్రేకే మేలు.

ఇది తండ్రుల నుంచి కొడుకులకు వారసత్వంగా వస్తున్న భయం. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా ఆపేటప్పుడు ఆపే శక్తిలో సుమారు 70 శాతం ముందు చక్రానిదే. దిగుడులో అయితే బ్రేకు వేయకముందే బరువు ముందుకు జారి ఉంటుంది, వెనక చక్రం తేలికపడి ఉంటుంది. ఆ స్థితిలో వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే చక్రం తొందరగా బిగుసుకుని జారుతుంది, లేదా డ్రమ్ కాగిపోతుంది.

ముందు బ్రేకు వల్ల పడేవాళ్లు ఉన్నారు, కాదనను. వాళ్లు ఒక్కసారిగా గుంజినవాళ్లు, లేదా బండి వాలి ఉన్నప్పుడు కంకర మీద పట్టినవాళ్లు. రెండు వేళ్లతో మెల్లగా మొదలుపెట్టి, బరువు ముందుకు వచ్చాక బిగించండి. ఆ పనంతా మలుపుకు ముందు, బండి నిటారుగా ఉన్నప్పుడే ముగించండి. మలుపులోకి వెళ్లాక బ్రేకు అవసరం పడిందంటే వేగం ఎక్కువైందని అర్థం.

ఏబీఎస్ ఉంటే జారదన్న నమ్మకం కూడా ఇలాంటిదే. 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. అయితే చాలా 150, 160 సీసీ బళ్లలో అది ముందు చక్రానికే ఉంటుంది. వాలిన బండి కింద కంకర వస్తే మామూలు ఏబీఎస్ నిలబెట్టలేదు.

అపోహ: స్కూటర్‌కు గేర్లు లేవు కాబట్టి ఘాట్‌లో నడపడం తేలిక.

ఎక్కడం తేలికే. దిగుడులో మాత్రం గేరు మార్చి బండిని పట్టే వీలు లేదు. పైగా వేగం బాగా తగ్గి యాక్సిలరేటర్ మూసి ఉంటే స్కూటర్ క్లచ్ విడిపోతుంది, బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే జారుతుంది. భారమంతా బ్రేకులదే.

ఇటీవల అలా దిగి వచ్చిన ఒక 110 సీసీ స్కూటర్ మా షెడ్డుకు వచ్చింది. ఇద్దరు మనుషులు, కాళ్ల దగ్గర నిండు సంచి. అనంతగిరి నుంచి కింది దాకా బ్రేకు లివర్ వదలకుండా దిగారట. వెనక చక్రం విప్పి చూస్తే డ్రమ్ లోపల నీలం మచ్చలు. షూ మీద లైనింగ్ గరుకుగా, మసక నలుపులో ఉండాలి. ఇది గోరు పెడితే జారిపోయేంత నున్నగా మెరుస్తోంది. కాలిన వాసన చేతులు కడుక్కున్నా పోలేదు. అలాంటి షూ డ్రమ్‌కు రాసుకుంటుందే తప్ప పట్టుకోదు. అదీ కాక వేడికి డ్రమ్ వ్యాకోచించి షూకు దూరం జరుగుతుంది, లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. ఎమెరీ పేపరుతో రుద్ది బిగించేవాళ్లు ఉన్నారు. నేను మాత్రం మార్చేస్తాను. లైనింగ్‌ను అంటించిన జిగురు కూడా ఆ వేడికి బలహీనపడుతుంది మరి.

స్కూటర్‌తో వెళ్లొద్దని అనను. బ్రేకును అదేపనిగా పట్టుకుని ఉండకండి. గట్టిగా నొక్కి వేగం తగ్గించి, పూర్తిగా వదిలేయండి. వదిలిన ఆ కాసేపట్లోనే గాలి తగిలి చల్లబడుతుంది. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర, అనంతగిరిలో, తైడలో ఆగండి. చూడటానికి ఎంత బాగుంటుందో బ్రేకులకూ అంతే మేలు.

కాగిన డిస్కు మీద, డ్రమ్ మీద, ఇంజన్ మీద నీళ్ల సీసా గుమ్మరించడం మాత్రం వద్దు. ఒక్కసారిగా చల్లబడితే డిస్కు వంకర పోవచ్చు, లోహం పగలవచ్చు. నీడలో నిలబెడితే దానంతట అదే చల్లారుతుంది.

అపోహ: డిస్క్ బ్రేకుకు ప్యాడ్ ఉంటే చాలు, ఆయిలు మార్చక్కర్లేదు.

ఈ ఒక్క మాటను ఎంత గట్టిగా ఖండించాలో నాకు తెలియడం లేదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం ఒడ్డున ఉన్న మన ఊరి గాలిలో తేమకు కొదవ లేదు. డాట్ 3, డాట్ 4 అనేవి బ్రేకు ఆయిలు రకాలు. కొత్త డాట్ 4 ఆయిలు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. దిగుడులో ప్యాడ్లను నొక్కే కాలిపర్ కాగి ఆయిలు మరిగిందంటే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిలును నొక్కితే ఒత్తిడి ప్యాడ్‌కు చేరుతుంది, ఆవిరిని నొక్కితే ఆవిరే కుదించుకుపోతుంది. అప్పటిదాకా గట్టిగా ఉన్న లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వస్తుంది, బండి ఆగదు.

హ్యాండిల్ మీద చిన్న డబ్బాకు గాజు కన్ను ఉంటుంది. లోపలి ఆయిలు లేత పసుపులో ఉంటే సరే. ముదురు గోధుమ రంగుకు తిరిగితే మార్పించండి. రంగు ఎలా ఉన్నా రెండేళ్లకోసారి మార్చాలి. డబ్బా మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే పోయాలి. దీనికయ్యే ఖర్చు ఒక పూట బొంగులో చికెన్ ఖర్చు కన్నా ఎక్కువేమీ కాదు.

అపోహ: ఎండాకాలం టైరు పేలుతుంది, గాలి తగ్గించి కొట్టించాలి.

వేడికి గాలి ఒత్తిడి పెరిగే మాట నిజం. 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరులో గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. కంపెనీవాళ్లు చెప్పే అంకె చల్లగా ఉన్న టైరుకు. ఈ పెరుగుదలను లెక్కలో వేసుకునే ఆ అంకె నిర్ణయిస్తారు. గాలి తగ్గిస్తే టైరు పక్కలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలుగుతాయి, ఆ నలుగుడే అసలైన వేడి పుట్టిస్తుంది. పేలుడుకు దారి అది. మలుపుల్లో బండి ఊగడం అదనం. కాబట్టి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోండి. వెనక మనిషి, సామాను ఉంటే వెనక టైరుకు ఎక్కువ కావాలి. ఎంతో చెయిన్ కవరు మీదనో, మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది. నత్రజని గురించి కూడా అడుగుతారు. మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంది, దాని కోసం వెతుక్కుంటూ తిరగక్కర్లేదు.

గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టప్రకారం ఆ టైరు పనికిరాదు. ఘాట్‌కైతే అంతదాకా ఆగొద్దని నా మాట.

అపోహ: ఫుల్ ట్యాంకు కొట్టిస్తే ఎండకు పేలుతుంది.

పేలదు. పెట్రోలు తనంతట తాను అంటుకోవాలంటే సుమారు 250 డిగ్రీల పైన వేడి కావాలి. మే నెల ఎండ దాని దరిదాపుల్లోకి రాదు. అయితే మూత అంచు దాకా నింపడం తప్పే. 12 లీటర్ల పెట్రోలు 15 డిగ్రీలు వేడెక్కితే సుమారు 170 మిల్లీలీటర్లు పెరుగుతుంది, ఆ పెరిగినదానికి చోటు కావాలి. ట్యాంకు మెడ కింద ఉండే గుర్తు దగ్గర ఆపించండి.

అపోహ: వేసవిలో చిక్కటి ఆయిలు పోస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది.

మాన్యువల్‌లో ఆయిలు చిక్కదనం 10డబ్ల్యూ-30 అని ఉంటే అదే పోయాలి. ఈ ఆయిళ్లు మన ఎండలను దృష్టిలో పెట్టుకునే సూచించినవి. కారు ఆయిలు అసలే వద్దు. మన బళ్లలో చాలావాటిలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిలులో మునిగి ఉంటాయి. కారు ఆయిలులో రాపిడి తగ్గించే పదార్థాలు ఉంటాయి కాబట్టి క్లచ్ జారడం మొదలవుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఆయిలులో మునిగే క్లచ్‌కు సరిపోతుందని చెప్పే గుర్తు) ఉందో లేదో చూడండి. ఎక్కుడులో క్లచ్ సగం పట్టుకుని యాక్సిలరేటర్ తిప్పేవాళ్ల ప్లేట్లు ఏ ఆయిలు పోసినా మిగలవు. గేరు తగ్గించి క్లచ్ పూర్తిగా వదలండి.

అపోహ: ఈ ఎండలో జాకెట్, హెల్మెట్ ఉంటే వడదెబ్బ తగులుతుంది.

గాలి మన ఒంటి వేడిని మించినప్పుడు, బండి మీద తగిలే ఆ గాలి చల్లబరచదు, కాలుస్తుంది. పొట్టి చేతుల టీషర్టు వేసుకున్నవాడి చెమట పుట్టిందే తడవుగా ఆవిరైపోతుంది, ఎస్.కోట చేరేసరికి ఒంట్లో నీళ్లు తరిగి కళ్లు లాగుతుంటాయి. గాలి ఆడే జాలీ జాకెట్, తెల్లటి పొడుగు చేతుల చొక్కా రెండూ నయం. అరగంటకోసారి నాలుగు గుక్కలు నీళ్లు తాగండి, మజ్జిగ అయితే మరీ మంచిది. ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్ వెనక కూర్చున్నవాళ్లకూ ఉండాల్సిందే. ఈ విషయంలో నాతో బేరమాడొద్దు.

అపోహ: స్నేహితులంతా దగ్గరదగ్గరగా వెళ్తేనే క్షేమం.

చదునైన రోడ్డు మీద ఒకరు కుడికి, తర్వాతివారు ఎడమకు ఉండేలా, రెండు సెకన్ల దూరంతో వెళ్లొచ్చు. బొడ్డవర దాటి మలుపులు మొదలయ్యాక ఒకరి వెనక ఒకరు, దూరం ఇంకా ఎక్కువ. దగ్గరగా వెళ్తే ముందువాడు చేసిన పొరపాటునే వెనకవాడు చేస్తాడు, ఎందుకంటే కన్ను రోడ్డు మీద కాకుండా ముందు బండి మీద ఉంటుంది. అందరికన్నా నెమ్మదిగా నడిపేవాడిని రెండో స్థానంలో ఉంచండి. చివర బాగా అనుభవం ఉన్నవాడు ఉండాలి, టూల్ కిట్, పంక్చర్ కిట్ అతని దగ్గరే ఉండాలి. కొండల్లో ఫోను సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. అందుకని ఎక్కడెక్కడ ఆగాలో ముందే చెప్పుకోండి: ఎస్.కోటలో టీ దగ్గర, అనంతగిరిలో, బొర్రా గుహలకు తిరిగే చోట.

మలుపులో మీ చక్రం మీ వైపు ఉంటే చాలదు. కుడి మలుపులో బండి వాల్చితే తల, భుజం మధ్య గీత దాటి అవతలికి పోతాయి. ఆర్టీసీ బస్సు హెయిర్‌పిన్ మలుపు (దాదాపు వెనక్కి తిరిగే మలుపు) తిరగాలంటే దానికి రోడ్డంతా కావాలి, డ్రైవరు తప్పేమీ లేదు. హారన్ వినిపిస్తే ఎడమకు జరిగి ఆగండి. ఇరుకు చోట ఎక్కేవాళ్లకు దారి వదలడం నియమం.

అపోహ: వేసవిలో వాన భయం లేదు, సాయంత్రం తీరిగ్గా దిగొచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక మన కొండల మీద మబ్బు కమ్మి ఉరుములు, పిడుగులతో వాన పడటం మామూలే. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, నూనె మరకలు తొలి చినుకులకు తడిసి పైకి తేలతాయి. మొదటి పావుగంట, ఇరవై నిమిషాలు రోడ్డు అన్నిటికన్నా ఎక్కువ జారుతుంది. బాగా కురిస్తే కొట్టుకుపోతుంది కానీ, మలుపుల్లోకి కంకర, మట్టి దిగుతాయి. ఆ కాసేపూ ఊళ్లో ఏ టీ కొట్టు దగ్గరైనా ఆగిపోండి. చెట్టు కింద మాత్రం వద్దు, పిడుగులు ఎత్తైన చెట్ల మీద పడే అవకాశం ఎక్కువ. అరకులో మధ్యాహ్నం భోజనం త్వరగా ముగించి ఒంటిగంటకల్లా బయల్దేరితే, అనంతగిరిలో పనసపండు తొనలు తినడానికి ఆగినా సరే, వెలుతురు ఉండగానే ఎస్.కోట చేరతారు. చీకటిపడ్డాక దిగాల్సి వచ్చేలా ఉంటే ఆ రాత్రికి అక్కడే గది తీసుకోండి. ఇంటికి ఫోను చేసి రేపు వస్తామని చెప్పండి.