చైన్ సాగితే లింకులు తీసేస్తే సరిపోతుందా?

"అన్నా, చైన్ సాగింది. ఒక జత లింకులు తీసెయ్, సరిపోతది."

నల్లగొండలో నా షాపుకు పాత గేర్ సైకిల్ తెచ్చేవాళ్లలో చాలామంది ఈ మాటతోనే దిగుతారు. పోయిన వారం వచ్చిన తమ్ముడూ అంతే. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న రోడ్ సైకిల్, ఎవరో చెప్పిన సలహా. ఆ సలహా పట్టుకుని పాడు చేసుకున్న సైకిళ్లు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి.

చైన్ రబ్బరులా సాగదు. లోపల పిన్నులు, అవి తిరిగే రంధ్రాలు అరుగుతాయి. దాంతో పిన్నుకూ పిన్నుకూ మధ్య ఉండాల్సిన అర అంగుళం కాస్త పెరుగుతుంది. ఒక జత తీసేస్తే చైన్ పొట్టిదవుతుంది, మిగతా లింకుల్లో అరుగుదల అట్లనే ఉంటుంది. ఆ చైనే ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే గేర్ల గుత్తి) పళ్లను తినేస్తుంది.

గేర్లు లేని సైకిల్‌కు లూజు తగ్గించడానికి లింకులు తీయడం పాత అలవాటు. గేర్ సైకిల్‌లో ఆ లూజును వెనక డీరైలర్ (చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే భాగం) ఎప్పుడూ లాగి పట్టుకుంటుంది. చైన్ పొట్టిదైతే ముందు పెడళ్ల దగ్గరి పెద్ద పళ్ల చక్రం, వెనక పెద్ద గేరు కలిపి వేసిన రోజు బిగుసుకుపోతుంది. పని నేర్చుకునే రోజుల్లో ఒక టీచర్ సార్ సైకిల్‌కు నేనే అట్లా తీసిచ్చాను. పానగల్ దగ్గర డీరైలర్ విరిగి చువ్వల్లో ఇరుక్కుంది. సార్ పడలేదు గానీ ఎండలో సైకిల్‌ను మోసుకుంటూ వచ్చారు. ఉస్తాద్ ఆ రోజు ఏమీ అనకుండా నా చేతిలో ఒక స్టీల్ స్కేలు పెట్టాడు. అది ఇప్పటికీ నా గల్లా పక్కనే ఉంది.

ఆ స్కేలు మీ ఇంట్లోనూ ఉంటుంది. చైన్‌ను బిగువుగా ఉంచి, ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టండి. కొత్త చైన్‌లో 24 లింకులు దాటాక వచ్చే పిన్ను సరిగ్గా 12 అంగుళాల మీద ఉంటుంది. ఆ పిన్ను 12 అంగుళాల గీతను అంగుళంలో 16వ వంతు దాటితే చైన్ ఒక్కటి మార్చండి. 8వ వంతు దాకా పోయిందంటే ఫ్రీవీల్ కూడా పోయినట్టే. అప్పుడు కొత్త చైన్ ఒక్కటే వేస్తే గట్టిగా తొక్కినప్పుడల్లా పళ్ల మీద నుంచి ఎగురుతుంది. "డూప్లికేట్ చైన్ అంటగట్టారు" అని గొడవకొచ్చేది ఇక్కడే. చైన్ మంచిదే, పళ్లు అరిగినవి. ఎత్తు ఎక్కుతూ నిలబడి తొక్కేటప్పుడు అట్లా జారితే మనిషి పడిపోతాడు, ఆలస్యం చేయకండి.

"పాత సైకిల్, సామాన్లు దొరకవు, అమ్మేయాల్సిందేనా అన్నా?" అని దిగులుగా అడుగుతారు. టెన్షన్ పడకండి. 6, 7 గేర్ల ఫ్రీవీళ్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. 6, 7, 8 గేర్లకని ఒకే రకం చైన్ అమ్ముతారు. పెడళ్ల దగ్గరి ముందు పళ్ల చక్రం మెల్లగా అరుగుతుంది. పళ్లు కొక్కేల్లా వంగితే తప్ప దాని జోలికి పోవద్దు.

చైన్‌కు గ్రీజు దట్టంగా పూస్తే మంచిదనేది కూడా తప్పు. మన దుమ్ము దానికి అంటుకుని ఆకురాయిలా రాపాడిస్తుంది. పల్చని నూనె చుక్కలు వేసి, పైపైన గుడ్డతో తుడిస్తే చాలు.

ఫ్రీవీల్‌ను మాత్రం ఇంట్లో ఉలి, సుత్తి పెట్టి కొట్టకండి. తొక్కిన ప్రతిసారీ అది ఇంకా బిగుసుకుంటుంది. దాని గాడులకు సరిపోయే రిమూవర్ (విప్పే పనిముట్టు) లేకుండా కొడితే హబ్ (చక్రం నడిమి భాగం) పోతుంది. వెనక చక్రం విప్పి షాపుకు తెండి, పది నిమిషాల పని.