ఒడ్డుకొచ్చిన తాబేలు ఏడవడం లేదు

నేను పశువైద్యురాలిని. మావారు కుక్కలకు ట్రైనింగ్ ఇస్తారు. జనవరి వచ్చిందంటే మాత్రం రాత్రిళ్లు అటవీశాఖ సిబ్బంది వెంట విశాఖపట్నంలోని జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్ బీచ్‌ల ఇసుకలో నడుస్తాం. ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమది. అక్కడ మాకు తరచూ ఎదురయ్యే అపోహలు కొన్ని:

అపోహ: గుడ్లు పెట్టేటప్పుడు నొప్పికి ఏడుస్తుంది.
వాస్తవం: అవి కన్నీళ్లు కావు. ఒంట్లో చేరిన ఉప్పును కళ్ల దగ్గరి గ్రంథుల గుండా బయటికి పంపేస్తుంది. సముద్రంలోనూ అంతే, మనకు కనపడదు. జాలితో దగ్గరికెళ్లి ఫోన్ లైట్ వేస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోవచ్చు. ఓ రాత్రి మేం లైట్లు ఆర్పి, దాని వెనకాల దూరంగా కూర్చున్నాం. వెనక కాళ్లతో కుండలా గుంత తవ్వింది. పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు రెండేసి, మూడేసి జారాయి. మొత్తం వందకు పైనే. తర్వాత ఇసుక కప్పి, అటూ ఇటూ ఊగుతూ పొట్టచిప్పతో దిమ్మిస కొట్టినట్టు అణిచింది. ఆ అదురు మా కాళ్ల కింద తెలిసింది.

అపోహ: తల్లి మళ్లీ వచ్చి పిల్లల్ని చూసుకుంటుంది.
వాస్తవం: రాదు. గుడ్లు 45 నుంచి 60 రోజులు ఇసుక వేడికే పిల్లలవ్వాలి. వేడి ఎక్కువైతే ఆడ తాబేలు పిల్లలు ఎక్కువ పుడతాయి.

అపోహ: గుడ్లు కనపడితే తీసి భద్రంగా దాచాలి.
వాస్తవం: దయచేసి ముట్టుకోకండి. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే చనిపోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. అటవీశాఖ సిబ్బందికి చెప్పండి, వాళ్లు హేచరీకి, అంటే గుడ్లను కాపాడి పిల్లలయ్యేదాకా ఉంచే చోటికి చేరుస్తారు.

అపోహ: దారితప్పిన పిల్లల్ని నీళ్లలో వేసి ఉంచాలి.
వాస్తవం: ఓ ఉదయం క్లినిక్ తలుపు తీసేసరికి ఒకాయన బకెట్‌తో నిలబడి ఉన్నారు. లోపల పదకొండు పిల్లలు. వీధిలైట్ల వెలుగుకు రోడ్డెక్కితే ఏరి తెచ్చారట. “రాత్రంతా నీళ్లు మారుస్తూనే ఉన్నామండీ, డాక్టరు గారూ” అన్నారు. ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి. కానీ పిల్ల పుట్టేటప్పుడు పొట్టలో మిగిలిన పచ్చసొనే లోతునీళ్ల దాకా ఈదడానికి బలం. నీళ్లు తగలగానే ఈదడం మొదలెడతాయి, ఆ బలమంతా బకెట్‌లోనే ఖర్చయిపోతుంది. తడి ఇసుక పరిచిన బకెట్‌లో, చల్లగా, చీకట్లో ఉంచి వెంటనే అటవీశాఖకు ఫోన్ చేస్తే చాలు.

అపోహ: సముద్రంలో చేపల వేట నిషేధం ఉందిగా, తాబేళ్లకేం భయం?
వాస్తవం: నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. గుడ్లు పెట్టే కాలం చాలావరకు అంతకుముందే అయిపోతుంది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. పడవ వెనక లాగే ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చనిపోతుంది.

అపోహ: మా కుక్క ఏమీ చేయదు.
వాస్తవం: మావారు ట్రైనింగ్‌కొచ్చే ప్రతి ఇంటివాళ్లకూ చెప్పే మాట ఇది: వాసన తగిలితే ఎంత బుద్ధిమంతురాలైనా ఇసుక తవ్వుతుంది. జనవరి నుంచి మే దాకా బీచ్‌లో గొలుసు విప్పకండి.